గొంతు మీద రెండు వేళ్లు

పావలా వేయగానే బరువు మిషన్‌లోంచి అట్టముక్క పడింది. డెబ్బై ఎనిమిది కిలోలు.

వెంకటరావమ్మకు ఆ మిషన్‌ని ఒక్క తన్ను తన్నాలనిపించింది.

పోయిన వారమూ డెబ్బై ఎనిమిదే. అంతకు ముందు వారమూ అంతే. నాలుగు నెలలుగా తెల్లారగానే బయల్దేరి, మిరపకల్లాల పక్కగా రైల్వే స్టేషన్ దాకా రెండు మైళ్లు నడుస్తోంది. మళ్లీ రెండు మైళ్లు వెనక్కి. మొదట్లో ఆరు కిలోలు తగ్గింది. ఆ తర్వాత అంకె కదిలితే ఒట్టు.

తినేదల్లా పగలు ఒక జొన్నరొట్టె, రాత్రి గ్లాసుడు మజ్జిగ. నమ్మేవాళ్లేరీ?

"చాటుగా తినకపోతే ఎందుకు తగ్గదంటా?" అని అత్త బసవమ్మ వీధి వీధంతా చెప్పుకొచ్చింది. వంటింటి అలమరకు తాళం వేసి చెవి బొడ్లో దోపుకుంది. మొగుడు యలమందయ్య "అమ్మ అన్నదాంట్లో తప్పేముంది?" అన్నాడు.

పదెకరాల పత్తి పండే ఇంట్లో కోడలు దొంగతిండి తింటోందట! ఒళ్లు మండదూ మరి?

అట్టముక్క వెనక 'త్వరలో శుభవార్త వింటారు' అని ఉంది. దాన్ని నాలుగు ముక్కలు చేసి పట్టాల మీదికి విసిరేసింది.

"మిషను అబద్ధం చెప్పట్లేదమ్మా. మీరూ చెప్పట్లేదు."

బెంచీ మీద కూర్చున్న ముసలామె అంది ఆ మాట. తెల్లచీర, ఒళ్లో గుడ్డసంచి, కాళ్లకు అరిగిపోయిన చెప్పులు.

"నువ్వెవరు?" అంది వెంకటరావమ్మ.

"గుంటూరు బండి కోసం కూచున్నానమ్మా. మీ గొంతు బొంగురుపోయి ఎన్నాళ్లయింది?"

"జలుబు."

"ఈ ఎండాకాలంలో భుజాల నిండా పైట కప్పుకున్నారు. చలేస్తోందా?"

వెంకటరావమ్మ తడబడింది. నిజమే. మే నెలలో ఊరంతా విసనకర్రలు పట్టుకుంటే తను దుప్పటి కప్పుకుంటోంది. ఇన్నాళ్లలో ఆ సంగతి అడిగినవాళ్లే లేరు.

ముసలామె లేచి దగ్గరికొచ్చి, ఆమె గొంతు మీద రెండు వేళ్లు ఆనించింది.

"గుటకెయ్యండి... మీ తిండిలో తప్పు లేదమ్మా. గుంటూరులో రెబ్కా డాక్టరమ్మకి చూపించండి."

ఆ వేళ్లకు అంగుళం దూరంలో ఐదు కాసుల గొలుసుంది.

"అమ్మో, నా గొలుసు! దొంగ! దొంగ!"

గొలుసు మెళ్లో ఉండనే ఉంది. కొక్కెమైనా ఊడలేదు. అయినా జనానికి అవన్నీ ఎందుకు? ముసలామె చెయ్యి ఒకడు విరిచి పట్టుకున్నాడు. సంచి ఇంకొకడు కుమ్మరించాడు. పాత బైబిలు, రెండు అరటిపళ్లు, గుంటూరు టిక్కెట్టు.

"గొలుసు కోసం కాదయ్యా, గొంతు చూశాను."

"ఓహో, నువ్వు డాక్టరువా?" అన్నాడు కేకలు విని వచ్చిన స్టేషన్ పోలీసు. అందరూ నవ్వారు. "మీవాళ్లెవరో చెప్పు. వాళ్లొచ్చి పూచీ పడితే వదిలేస్తా."

అందాకా మాట్లాడుతున్న మనిషి తల దించేసింది.

"నాకెవరూ లేరయ్యా."

"చూశారా! కంప్లైంటిస్తారా అమ్మా?"

"ఎందుకివ్వను?" అంది వెంకటరావమ్మ.

గుంటూరు బండి వచ్చింది, వెళ్లింది. ముసలామె పోలీసు గది ముందు నేల మీద కూర్చునే ఉంది. వెంకటరావమ్మ పక్కనుంచి పోతుంటే మెల్లగా అంది:

"గొంతు సంగతి అశ్రద్ధ చెయ్యకండమ్మా."

ఆ రోజు ఇంట్లో బసవమ్మ మొదటిసారి కోడల్ని మెచ్చుకుంది.

సెప్టెంబరు వచ్చేసరికి వెంకటరావమ్మ బరువు ఎనభై మూడు. జుట్టు కుచ్చులుగా ఊడుతోంది. ఒకనాడు పొయ్యి దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే మత్తులో ఒరిగిపోయి, చెయ్యి కాల్చుకుంది. అప్పుడు గుర్తొచ్చింది రెబ్కా డాక్టరమ్మ పేరు. మొగుణ్ని వెంటబెట్టుకుని గుంటూరు వెళ్లింది.

డాక్టరు చిన్న వయసు మనిషి. గొంతు మీద రెండు వేళ్లు ఆనించి, "గుటకెయ్యండి" అంది.

వెంకటరావమ్మ ఉలిక్కిపడింది. అదే స్పర్శ.

రక్తం మద్రాసు పంపారు. పది రోజులకు కాగితం వచ్చింది.

"ఇది థైరాయిడ్ జబ్బు. గొంతు దగ్గరుండి ఒంట్లో వేడి పుట్టించాల్సిన గ్రంథి పని చెయ్యట్లేదు. చలీ, మత్తూ, లావూ అన్నీ అందుకే. రోజూ మాత్ర వేసుకుంటే తగ్గుతారు." డాక్టరు యలమందయ్య వైపు తిరిగింది. "ఆవిడ తిండిలో తప్పు లేదు. విన్నారా?"

యలమందయ్య నేల చూపులు చూశాడు.

నెలల తరబడి ఈ ఒక్క మాట కోసం మొత్తుకుంటున్న వెంకటరావమ్మ బావురుమంది. ఏడుస్తూ ఏడుస్తూనే ఆగిపోయింది. ఈ మాట తనకు ముందే ఒకరు చెప్పారు.

"మే నెల్లో మా ఊరి స్టేషన్‌లో ఒకామె ఇలాగే గొంతు పట్టుకుని చెప్పిందండీ. నేనే ఆమెను దొంగంటూ పోలీసులకి పట్టించాను."

మందులు రాస్తున్న కలం ఆగింది.

"తెల్లచీరా?"

"అవునండీ. మీ పేరే చెప్పింది. ఆవిడ ఎవరో చెప్పండి, కాళ్లు పట్టుకుంటాను."

"ముప్పై ఏళ్లు మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసింది. ఆవిడ వేళ్లు ముందు చెప్పిందే మద్రాసు కాగితం తర్వాత చెప్పేది. పని మానేశాక కూడా ఊళ్లు తిరిగి ఇలాంటివాళ్లని నా దగ్గరికి పంపేది. పోలీసులు మర్నాడు వదిలేశారు కానీ, మీ స్టేషన్ నుంచి వచ్చిన రోజు మొదలు గడప దాటలేదు. ఎవరి గొంతూ ముట్టుకోలేదు. ఎవరినీ చూడనంటుంది, మిమ్మల్ని అసలు చూడదు."

వెంకటరావమ్మ పైటతో కళ్లు తుడుచుకుంది. చివరికి అంది:

"మీవాళ్లెవరని పోలీసు అడిగాడండీ. మీ పేరు చెప్పినా వదిలేసేవాడు కదా! ఎందుకు చెప్పలేదు?"

డాక్టరు కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టింది.

"దొంగ కూతురు డాక్టరట అని నలుగురూ అనుకుంటే నా దగ్గరికి ఎవరూ రారని భయపడింది మా అమ్మ."