తెగిన కళ్లెం

సామేలు గుమ్మం ముందు మోటారు సైకిలు ఆగింది. దిగిన మనిషి జుట్టు చూడగానే సామేలు చేతిలోని తోలు కుట్టే ఆరె జారి కింద పడింది.

చెవుల పైకంటా కత్తిరించిన జుట్టు. పోలీసు జుట్టు. లుంగీ కట్టినా, గడ్డం పెంచినా అది దాగదు.

ఆ రోజుల్లో కోరుట్లలో పోలీసంటే గుండె జారని ఇల్లు లేదు. సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు. పట్నంలో ఊరేగింపు మీదికి గుర్రాల పోలీసుల్ని తోలారని, ఆ ఊరేగింపుకు పోయిన పిల్లల కోసం ఊరూరా వెతుకుతున్నారని, పెగడపల్లిలో ఒకరిని తెల్లారేసరికి ఎత్తుకుపోయారని చెప్పుకుంటున్నారు.

సామేలు బిడ్డ పద్మ ఆ ఊరేగింపుకు పోయింది. తొక్కిసలాటలో పడ్డానంటూ చెయ్యి విరగ్గొట్టుకుని ఇల్లు చేరింది. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు.

ఇప్పుడు వెనకింట్లో, తోళ్ల కట్టల చాటున పడుకుని ఉంది. ఆ వాసనకు ఏ పోలీసూ లోపలికి రాడని తల్లి రాజవ్వ ధైర్యం.

ఆ ధైర్యవంతురాలే అరుగు మీద బీడీలు చుడుతూ, వచ్చిన మనిషిని చూసి ఆకు కత్తిరించడం మరిచిపోయింది.

అతను సంచిలోంచి ఒక కళ్లెం తీసి సామేలు ముందు పెట్టాడు. తెంపినవాడే బాగు చేయించుకు రావాలని పైవాళ్లు అన్నారట. మాట మెత్తగానే ఉంది. పిల్లి కూడా ఎలుక దగ్గరికి మెత్తగానే వస్తుంది.

సామేలు తండ్రి దొరల నడక గుర్రాలకు కళ్లేలు కుట్టినవాడు. ఎంత వేగంగా పోయినా మీద కూర్చున్న మనిషికి కుదుపు తెలియని గుర్రాలవి. ఇప్పుడు ఆ దొరలూ లేరు, ఆ గుర్రాలూ లేవు. పెళ్లికొడుకుల్ని ఊరేగించే గుర్రాలకు పూసల కళ్లేలు కుట్టి సామేలు బతుకుతున్నాడు.

ఈ కళ్లేనికి పూసలు లేవు. దళసరి నల్ల తోలు. సర్కారు గుర్రానిది. పగ్గం నడిమికి తెగి ఉంది.

తోలు పాతది కాదు. నూనె పట్టించి మెత్తగా ఉంచిన తోలు. అలాంటిది తెగిందంటే ఒళ్లు తెలియకుండా గుంజి ఉండాలి.

"లగాం దెంపినోనికి దయ ఉండదురా" అనేవాడు సామేలు తండ్రి. గుర్రం నోరు చీరినా పట్టించుకోనివాడే అంత గుంజుతాడట. అలాంటి చేతికి పని చేసిపెట్టొద్దని కొడుకు దగ్గర మాట కూడా తీసుకున్నాడు.

సామేలు ఆ మనిషి అరచేతులు చూశాడు. తోలు కోసిన గాట్లు ఇంకా మానలేదు. వీడే అనుకున్నాడు. జనం మీదికి గుర్రాన్ని తోలింది వీడే.

పట్నంలో దెబ్బతిన్న పిల్ల ఒకతె కోరుట్లలో తోలుపని సామేలు బిడ్డ అని విన్నానన్నాడు ఆ మనిషి.

"పద్మ నీ బిడ్డేనా పెద్దయ్యా?"

రాజవ్వ ఒళ్లోని చాట జారింది. బీడీలు అరుగంతా దొర్లాయి.

బిడ్డే లేదంటే వాడలో ఎవరో ఒకరు ఉందంటారు. ఉందంటే లోపలికి వస్తాడు. ఆ కంగారులో తండ్రి నోట రాకూడని మాట వచ్చింది.

"ఉండె సారూ. ఇప్పుడు లేదు. సచ్చిపోయింది."

రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. భయానికి కుక్కుకున్నా, చూసేవాళ్లకు ఏడుపులాగే ఉంది.

"పట్నంల తాకిన దెబ్బలకేనా?"

"గా దెబ్బలకే."

ఆ మనిషి అరుగు కింద మట్టిలో కూలబడ్డాడు. రాజవ్వ కాళ్లు పట్టుకోబోతే ఆమె వెనక్కి జరిగింది. అతని కళ్లవెంట నీళ్లు కారాయి.

సామేలుకు అదంతా నాటకమనిపించింది. లోపలి మనిషిని బయటికి రప్పించడానికి పోలీసులు ఎన్ని వేషాలైనా వేస్తారు. ఆ కన్నీళ్లను చూసి అతనికి ఇంకా భయమేసింది. కళ్లెం తనవల్ల కాదని, తీసుకుపొమ్మని చెప్పాడు.

"నాకు గిది అక్కెర లేదు పెద్దయ్యా. ఇంక నేను గుర్రమెక్క."

అతను తడబడుతూ పోయి మోటారు సైకిలెక్కాడు. సందు మలుపు తిరిగాక చప్పుడు కూడా వినిపించలేదు. సామేలు అతని పేరు అడగలేదు, ఊరు అడగలేదు. పీడ విరగడైందని సామేలు ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాడు.

అంతలో వెనకింటి తలుపు తీసుకుని పద్మ వచ్చింది. జ్వరం మత్తులో మాటలు విని లేచిందట. తలుపు సందులోంచి చూసేసరికి అతను బండెక్కుతున్నాడట.

"గాయన ఎటు వోయిండు బాపూ?"

మెట్‌పల్లి దిక్కో, జగిత్యాల దిక్కో, ఎటు పోతే మనకేమన్నాడు సామేలు. ఇక ఈ గడప తొక్కడని, తానాడిన అబద్ధం కూడా చెప్పాడు. కాస్త గొప్పగానే చెప్పాడు.

పద్మ కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని సందు చివరిదాకా ఉరికింది. రోడ్డు రెండు దిక్కులా బోసిగా ఉంది. తిరిగి వచ్చి గుమ్మంలో కూర్చుంటే, పోలీసోని కోసం ఈ ఉరుకుడేందని రాజవ్వ కసిరింది.

"కింద పడ్డప్పుడు నా మీదికి అచ్చిన గుర్రం గాయనదే అవ్వా. మీరు భయపడ్తరని చెప్పలే."

చంపబోయినవాడు చచ్చిందో లేదో చూసుకోవడానికి ఇంటిదాకా వచ్చాడా అని సామేలు పళ్లు కొరికాడు.

పద్మ తెగిన కళ్లేన్ని చేతిలోకి తీసుకుంది.

"ఎనక నుంచి పెద్ద సార్లు గుర్రాన్ని తోలు, తోలు అని ఒర్రుతున్నరు బాపూ. గాయన తోలలే. గుంజి పట్టి, లగాం తెగి, గుర్రం మీదికెల్లి కింద వడ్డడు. గంతల్నే దోస్తులు నన్ను ఎత్తుకపోయిండ్రు, బతికిన్నో లేదో గాయనకు తెల్వది. గాయన గట్ల గుంజకపోతే, నువ్వు జెప్పిన మాట నిజమయ్యేటిది బాపూ."