నమూనా ముక్కు

"నవ్వకు! నవ్వితే ముక్కు ఇంకా వెడల్పవుతుంది" అంది పెద్దకోడలు, ఫోను ఎదురుగా పట్టుకుని.

"నవ్వకపోయినా వెడల్పే కదక్కా. అందుకేగా ఈ తంటా అంతా!" అంది చిన్నకోడలు.

ఇద్దరూ మేడమీద సామాన్ల గదిలో గడి పెట్టుకుని ఉన్నారు. ఆ ఇంట్లో బోసిగా ఉన్న తెల్లగోడ అక్కడ ఒక్కటే ఉంది. ముక్కు సరిచేసే ఆసుపత్రివాళ్ళు ముందుగా ఫోటోలు పంపమన్నారు. ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచీ చెరొకటి. వాటి మీద కంప్యూటర్లో కొత్త ముక్కు పెట్టి, ఆపరేషన్ తర్వాత మొహం ఎలా ఉంటుందో చూపిస్తారట. నచ్చితేనే మిగతా సంగతి.

పొద్దున్నుంచీ చిన్నకోడలు తన ఫోటోలు తనే తీసుకుంది. చెయ్యి చాచి తీసిన ప్రతిసారీ ముక్కు ముందుకొచ్చి, మొహం దాని వెనకాల దాక్కుంది. పదిహేడు తీసి, పదిహేడూ చెరిపేసి, చివరికి తోడికోడలిని పట్టుకొచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పనని ముందే ఒట్టు వేయించుకుంది.

పెద్దకోడలు వచ్చీ రావడంతోనే పని చేతిలోకి తీసుకుంది.

"అంత దగ్గర్నించి తీస్తే ఎవరి ముక్కయినా వంకాయలాగే కనబడుతుంది. నువ్వు గోడ దగ్గర నిలబడు, నేను నాలుగడుగులు వెనక్కి వెళ్ళి తీస్తాను. జుట్టు చెవుల వెనక్కి తొయ్యి. కిటికీ వైపు తిరక్కు, ఒక పక్కంతా నీడ పడుతుంది."

"నీకివన్నీ ఎలా తెలుసక్కా?"

"బడి పిల్లల గుర్తింపు కార్డులకి ఏటా రెండొందల మొహాలు తీస్తాను. ఆమాత్రం తెలీదూ?" అంది టీచరమ్మ.

చిన్నకోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఆవిడ కష్టమంతా అక్కడే మొదలైంది.

"నిన్న ఒక పెద్దాయనకి కొత్త జోడు చూపిస్తున్నా. 'ఇది అస్సలు జారదండీ, నేనూ ఇదే వాడుతున్నా' అన్నాను. అంటుండగానే నాది జారి ఆయన ఒళ్ళో పడింది!"

నవ్వుకి పెద్దకోడలి చేతిలో ఫోను ఊగిపోయింది.

"నవ్వు, నవ్వు. నీకేం! నీ ముక్కు మీద పెడితే తుఫానొచ్చినా కదలదు."

"కదలదు, సరే. మా క్లాసు పిల్లలు నన్నేమంటారో తెలుసా? చిలక టీచరు. నేను బోర్డు వైపు తిరిగితే చాలు, వెనకనుంచి కీచుకీచుమంటారు."

"చిలక ఎంత బాగుంటుందక్కా!"

"నువ్వు చూసే చిలక వేరు, నేను అద్దంలో చూసే చిలక వేరు. ఊఁ, ఎడంపక్కకి తిరుగు. అబ్బ, ఎంత ముద్దుగా ఉందే! దీన్ని పట్టుకెళ్ళి కోయించుకుంటానంటావేమిటి?"

"కోయడం కాదు, కాస్త ఎత్తు చేస్తారు. దుకాణం కొత్త బోర్డు మీద నా ఫోటో వేస్తామన్నారు తెలుసా? వద్దన్నాను. వద్దని ఇంటికొచ్చి ఏడ్చాను."

పెద్దకోడలు ఫోను దించింది. "నాతో చెప్పలేదేం?"

"నవ్వుతావేమోనని."

"నేనా!" అందావిడ. ఇంకేదో అనబోయి మింగేసింది.

అంతలో తలుపు దబదబలాడింది.

"ఇద్దరూ లోపలేం చేస్తున్నారే? గంట నుంచీ ఉలుకూ పలుకూ లేదు!" అత్తగారి గొంతు.

"పాత బట్టలు సర్దుతున్నాం అత్తయ్యా!" అంది పెద్దకోడలు తడుముకోకుండా.

"సర్దితే సర్దారుగానీ, తలుపుకి గడెందుకూ?"

"దుమ్ము బయటికి రాకుండా!"

అత్తగారు ఏదో గొణుక్కుంటూ మెట్లు దిగిపోయింది. ఇద్దరూ నోళ్ళకి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

మూడు ఫోటోలూ బాగా వచ్చాయి.

"ఇంకొకటి కావాలక్కా. ఎలాంటి ముక్కు కావాలో నమూనాగా ఎవరిదైనా ఫోటో పంపమన్నారు" అంది చిన్నకోడలు.

"సినిమావాళ్ళవి బోలెడు దొరుకుతాయి. ఏదో ఒకటి పంపు."

"నాకు సినిమావాళ్ళ ముక్కు వద్దు. నీది కావాలి."

పెద్దకోడలు ఉన్నచోటే నిలబడిపోయింది. "నాదా? ఈ ముక్కా?"

"ఈ ఇంటికొచ్చిన రోజు నుంచీ చూస్తున్నాను. నువ్వు మాట్లాడుతుంటే పక్కనుంచి నీ మొహం చూడ్డం నాకిష్టం. ఎవరికీ బెదరని మనిషిలా కనిపిస్తావు. నాకూ అలా ఉండాలనిపిస్తుంది."

పెద్దకోడలికి నవ్వొచ్చింది. నవ్వుతోపాటే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

"పిచ్చిమొహమా! నా ఫోటో మాత్రం పంపకు. ఆ ఆసుపత్రికి అసలు పంపకు."

"ఎందుకూ?"

"వద్దంటే వద్దు, అంతే. అయ్యో, పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను!" అంటూ ఫోను ఆమె చేతిలో పెట్టి, గడి తీసి ఒక్క పరుగున కిందికి పోయింది.

సిగ్గుపడుతోంది కాబోలు అనుకుంది చిన్నకోడలు. ఫోనులో పాత ఫోటోలన్నీ వెతికింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పెద్దకోడలిని ఎప్పుడో పక్కనుంచి తీసింది దొరికింది. దాన్ని తన మూడింటితో కలిపి పంపేసింది.

పది నిమిషాల్లో ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది.

"మేడమ్, నాలుగు ఫోటోలు వచ్చాయి. ఇందులో మీరెవరు?"

"చప్పిడి ముక్కున్నది నేను. ఇంకొకావిడ మా తోడికోడలు. నాకు ఆవిడ ముక్కు కావాలి."

అటునుంచి కంప్యూటర్ మీటలు టకటకా నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"ఏమైందండీ? కుదరదా?" అంది చిన్నకోడలు కంగారుగా.

"అది కాదు మేడమ్..." ఆ అమ్మాయి ఇబ్బందిగా గొంతు సవరించుకుంది.

"ఆవిడ మొన్ననే మీ ఫోటో పంపి, ఈ ముక్కు కావాలన్నారు."