లాపాజ్ నుంచి గంట దూరం

లాపాజ్ నుంచి కొండలు దాటి మా పల్లె గడ్డి రన్‌వేకి రెండు వందల ముప్పై కిలోమీటర్లు. మాంసం దించేసి ఖాళీగా తిరిగొచ్చే మా ఆయన ఎర్లాన్ విమానానికి గంట పడుతుంది. దిగే ముందు మా ఇంటి మీద ఒక చుట్టు తిరుగుతాడు. ఆ చప్పుడు విని నేను అన్నం పొయ్యి మీద పెడతాను.

ఆ సాయంత్రం ఐదింటికి బయలుదేరాడు. ఆరింటికి చప్పుడు వినిపించింది. చీకటి పడినా అది తిరుగుతూనే ఉంది. ఊరివాళ్లు రన్‌వే పక్కన కిరోసిన్ డబ్బాలు వెలిగించారు. ఆకాశం నిండా చుక్కలే, విమానం మాత్రం ఎవరికీ కనబడలేదు.

తొమ్మిదింటికి రన్‌వే రేడియో చూసుకునే విల్బర్ వచ్చాడు.

"ఎన్ని గంటలకి సరిపడా ఇంధనం పోయించాడయ్యా?"

"రెండున్నరకి, వదినా."

"బయలుదేరి నాలుగు గంటలైంది. మీ అన్న పిసినారేగానీ, మరీ ఇంతా?"

అతను నవ్వలేదు. "ఐదున్నరకే దారిలో కొండ మీద మంట లేచిందట వదినా. ఇప్పుడే రేడియోలో చెప్పారు."

చప్పుడు మళ్లీ మా కప్పు మీదుగా పోయింది. ఇద్దరం తలెత్తాం.

"దీపాలు ఆర్పించేద్దాం," అన్నాడు నెమ్మదిగా. "దిగేదేమిటో మనకి తెలీదు."

నేను వంటింట్లో మిగిలిన కిరోసిన్ తీసుకుని రన్‌వే దగ్గరికి నడిచాను. మొదటి డబ్బాలో పోస్తుండగా ఇంజను చప్పుడు తగ్గింది, దిగబోయే ముందు ఎప్పుడూ తగ్గినట్టే.