ఎడమ గాడి

"సూది వెయ్యొద్దు తల్లీ! ఆగు!"

కర్నూలులోని ఆ నర్సింగ్ హోమ్ వార్డు ఉలిక్కిపడింది.

నర్సు శివజ్యోతికి అడ్డంగా నిలబడ్డాడు, అరవై దాటిన ముసలాయన. మాసిన చొక్కా. చేతిలో తన బీపీ చీటీ.

మంచం మీద జీవిత. ఆపరేషన్ కాన్పయి నాలుగు రోజులు. నిన్నటి నుంచి తల పగిలిపోయే నొప్పి. మెదడులో ఎడమ వైపు సిర కనిపించడం లేదు, రక్తం గడ్డకట్టిందని స్కానింగ్ రిపోర్టు.

రక్తాన్ని పలచబరిచే సూది పడాలి. పడితే కుట్ల దగ్గర రక్తం ఆగకపోవచ్చు. ప్రాణానికే ముప్పని చెప్పి మరీ డాక్టర్ హర్షిణి సంతకం అడిగింది. భర్త లేవి సంతకం పెట్టాడు.

"ఎవరప్పా నువ్వు?" లేవి అరిచాడు.

"కిటికీ కాడ నువ్వు పట్టుకున్న ఫిలిం నేనూ చూసినా. అది గడ్డ కాదు. శానా మందికి ఎడమ సిర సన్నగానే ఉంటాది. పుట్టుకే అంత."

"డాక్టరువా?"

"కాదు."

"కాంపౌండరువా?"

"కాదు."

"అయితే బ్రోకరువే! ఏ ఆసుపత్రికి పిల్సకపోదామని వచ్చినావు?"

లేవి ఆయన చొక్కా పట్టి నెట్టాడు. సెక్యూరిటీ ముసలాయనను తలుపు దాకా ఈడ్చాడు.

"నన్ను తిట్టుకో, పరవాలేదు! డాక్టరమ్మకు ఒక్క మాట చెప్పు! సిర పోయే దారిలో పుర్రె ఎముకకు గాడి ఉంటాది. పుట్టుకతో సన్న సిరయితే గాడీ సన్నగుంటాది. నడమ వచ్చిన గడ్డయితే గాడి పెద్దగానే ఉంటాది!"

తలుపు మూసుకుంది.

సూది జీవిత చేతిని తాకబోతోంది.

"ఆగక్కా!" ఈసారి అరిచింది లేవి. "ఆ మాట... డాక్టరమ్మకు చెప్పి వస్తా."

హర్షిణి కంప్యూటరులో ఎముకల బొమ్మ తెరిచింది. కుడి గాడి చిటికెన వేలంత. ఎడమది సన్నటి గీత.

స్కానింగ్ డాక్టరుకు ఫోన్. రెండు నిమిషాలు.

"సారీ మేడం. మళ్లీ చూశాను. గడ్డ లేదు."

హర్షిణి వార్డులోకి పరుగెత్తింది. "సూది వద్దు! వెన్నులో ఇచ్చిన మత్తు వల్ల వచ్చిన నొప్పి ఇది. పడుకోబెట్టండి, తగ్గిపోతుంది."

లేవి గోడకు ఆనుకుని ఏడ్చేశాడు.

"గాడి సంగతి నీకెవరు చెప్పినారు?" హర్షిణి అడిగింది.

"ఎవరో బ్రోకరు మేడం. గెంటేసినాము. అదో..."

కిటికీ కింద, చిరిగిన జేబు సర్దుకుంటూ ముసలాయన ఆటో ఎక్కాడు. హర్షిణి పిలిచేలోపే అది మలుపు తిరిగింది.

"ఓబుళేశన్న!" ఆమె ఆ మలుపు వైపే చూస్తూ అంది. "మా మెడికల్ కాలేజీలో శవాలు కోసి నేర్పే గది అటెండరు, లేవీ... ముప్పై ఏండ్లు, ఈ ఊరి డాక్టర్ల చేతికి మొదటి పుర్రె ఇచ్చి, ఏది యాడుందో వేలు పెట్టి చూపించింది ఆయనే."