చూపుడు వేలు

"మళ్ళా చదువు," అన్నాడు పిచ్చయ్య.

కొడుకు నరసింహులు కాగితాన్ని ఎండకు పట్టి మళ్ళీ చదివాడు. "ఇంటికొక మగమనిషి పటాలానికి పోవాల. శుక్రవారం కంభంలో డాక్టరు ముందర నిలబడాల. రాకుంటే పొలం జప్తు."

జర్మనీ యుద్ధం నాలుగో ఏడు. ఇంటికొకర్ని పట్టుకుపోతారన్న పుకారు అప్పటికే గిద్దలూరు దాకా పాకింది. అర్ధవీడు పక్క ఆ పల్లెలో చదవను వచ్చినవాడు నరసింహులొక్కడే. పిచ్చయ్యకు అక్షరం తెలియకపోయినా గుండ్రటి సర్కారు ముద్ర తెలుసు. నిన్న తపాలా మనిషి తెచ్చిన కాగితం అది.

"కడుపున పుట్టినోణ్ణి అడగాపెట్టకుండా తోలుకపోను వాళ్ళెవరంట?" అని పిచ్చయ్య పళ్ళు కొరికాడు. "వాళ్ళు పెంచినారా, సాకినారా?"

ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఎవరినీ ఏదీ అడిగిన పాపాన పోలేదు ఆయన. ఆ సంగతి ఆ పూట ఆయనకు తట్టలేదు. పోయిన వారం కంభం సంతకు పోయి రెండు రోజులు ఆలస్యంగా వచ్చినందుకు కొడుకు వీపు చీల్చిన చర్నాకోల ఇంకా గుంజకు వేలాడుతూనే ఉంది. బండి ఇరుసు విరిగిందని వాడు చెప్పినా ఆయన చెయ్యి ఆగలేదు.

"పోతాలే నాయనా. సర్కారుతో మనకెందుకు?" అన్నాడు నరసింహులు నెమ్మదిగా.

"నోర్ముయ్. తుపాకి పేల్చే వేలు లేనోణ్ణి వాళ్ళేం చేసుకుంటారు?"

పిచ్చయ్య గొడ్డలి తీశాడు. కొడుక్కి అర్థమయ్యేలోపే వాణ్ణి కట్టెలు కొట్టే మొద్దు దగ్గరికి ఈడ్చి కింద పడేశాడు. శ్రీశైలమ్మ పరిగెత్తుకొచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంటే ఒక్క తోపు తోశాడు. ఆమె తల గడపకు కొట్టుకుంది.

"నేను పోతా నాయనా. నన్ను పోనియ్యి. నీ కాళ్ళు మొక్కుతా, పోనియ్యి."

పిచ్చయ్య మోకాలు వాడి రొమ్ము మీద పెట్టి, కుడిచేతిని మొద్దు మీద పరిచాడు. గొడ్డలి దిగింది. వేలు తెగి కట్టెపేళ్ళలో పడింది. నరసింహులు పెట్టిన కేక పక్క వీధిదాకా వినిపించింది.

శ్రీశైలమ్మ నుదుటి నెత్తురు తుడుచుకోకుండానే పసుపు తెచ్చి తెగినచోట అదిమింది. అప్పుడు పిచ్చయ్య గొడ్డలి అవతల పారేసి కొడుకును రొమ్ముకు హత్తుకున్నాడు. ఆయన నిజంగానే వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఇంక ఎవరూ నిన్ను తీసకపోలేరురా. నా దగ్గరే ఉంటావు."

శుక్రవారం తానే బండి కట్టుకొని కంభం తీసుకుపోయాడు. రైలు స్టేషను వెనక గుడారంలో డాక్టరు చొక్కా, కట్టు విప్పించి చూశాడు.

"ఏమయింది?"

"కట్టెలు కొడతా తెగ్గొట్టుకున్నాడయ్యా."

"ఈ వీపేంది?"

"మాట ఇనకుంటే నాలుగు తగిలిచ్చినా."

డాక్టరు పేరు మీద అడ్డంగా గీత గీసి, పనికిరాడన్నాడు.

నరసింహులు అక్కడే నేలమీద కూలబడి, ఎడమచేత్తో నోరు మూసుకొని ఏడ్చాడు. బతికిపోయానని ఏడుస్తున్నాడనుకుని పిచ్చయ్యకు గుండె నిండిపోయింది. ఆ సంబరంలో ధైర్యం కూడా వచ్చింది. బల్ల దగ్గర కూర్చున్న హవల్దారు ముందు ఆ కాగితం పడేశాడు.

"ఇట్ల ఇంటికొకణ్ణి బలవంతంగా పట్టుకపోతే కన్నోళ్ళ ఉసురు తగలదా అయ్యా?"

హవల్దారు కాగితాన్ని రెండువైపులా చూశాడు. తర్వాత నేలమీదున్న నరసింహుల్నీ, వాడి వీపునూ చూశాడు.

"బలవంతమని ఇందులో యాడుంది పెద్దాయనా? మొన్న సంతనాడు మీవాడే వచ్చి, చేర్చుకోమని నా కాళ్ళు పట్టుకున్నాడు."