దుప్పట్లో చుట్టిన ప్రొపెల్లర్

బస్సులో పక్క సీటు ముసలమ్మ ఆ మూట వంక చూసి చూసి ఇక ఉండబట్టలేకపోయింది.

"పసిబిడ్డా నాయనా? ఉలుకూ పలుకూ లేదేం?"

"కాదమ్మా, ఇత్తడి సామాను."

"సామాన్ని ఒళ్ళో పెట్టుకు కూర్చున్నావా? కింద పెట్టు, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి."

అతను పెట్టలేదు. పెడితే ఖంగుమంటుంది. ఖంగుమంటే బస్సంతా తిరిగి చూస్తుంది. సిగ్గుపడ్డవాడికి లోకమంతా కళ్ళే కదా.

దుప్పట్లో ఉన్నది పడవ ప్రొపెల్లర్. మూడు రెక్కల్లో ఒకటి ఎండుటాకులా ముడుచుకుపోయింది. ఇంకోదాని అంచు ఎవరో కొరికేసినట్టు ఊడిపోయింది. మూడోది మాత్రం తనకేమీ తెలియనట్టు నున్నగా మెరుస్తోంది.

నిజానికి వాళ్ళ రేవులోనే మేస్త్రి ఉన్నాడు, కేకేస్తే పలికే దూరంలో. అయినా అతను మూడు గంటలు బస్సెక్కి ఏటి దిగువకు పోతున్నాడు. తమ రేవులో ఇస్తే కబురు సాయంత్రానికి టీ బంకు చేరుతుంది, మర్నాటికి ఆఫీసు చేరుతుంది. ఆఫీసుకు తెలిసిందా, పద్దెనిమిదేళ్ళుగా తిప్పుతున్న స్టీరింగు ముందు నుంచి లేచి ఇంటికి పోవాల్సిందే.

ఇంట్లో ఆవిడ తిట్టనైనా తిట్టలేదు. అన్నం వడ్డిస్తూ ఒకే మాట అంది.

"ఇంకెవరికైనా తగిలితే పోనీలే దుంగ అంటారు. మీకు తగిలితే ఏమంటారండీ?"

అతను కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు.

వానలకు ఎగువ నుంచి కొట్టుకొచ్చిన దుంగ అది. అతనికి కొత్తది కూడా కాదు. మొన్న మలుపు దగ్గర చూశాడు. చూసి, రేపు చూద్దాంలే అనుకుని పక్కనుంచి తప్పుకుపోయాడు. నిన్న అదే మలుపులో అది మునుగుతూ తేలుతూ వచ్చి పడవ కిందికి దూరింది. ఇంజను ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. గెడ వేసుకుంటూ, తలగుడ్డ మొహం మీదికి లాక్కుని ఒడ్డు చేరాడు.

దిగువ ఊరి షెడ్డులో మేస్త్రి దుప్పటి విప్పి, నాలిక చప్పరించాడు.

"ఏం తగిలింది తమ్ముడూ?"

అతను గోడకున్న పనిముట్ల కేసి చూస్తూ, "రాయేమోనన్నా" అన్నాడు.

మేస్త్రి రెక్క మొదట్లోంచి గోటితో ఒక చెక్కపేడు లాగి వెలుతురులో పెట్టి చూశాడు. "రాయికి పేళ్ళు కూడా లేస్తాయన్నమాట."

గ్యాసు ట్యూబు పట్టుకున్న మేస్త్రి భార్య కిసుక్కున నవ్వింది. "పాపం, వదిలెయ్యి. ఇక్కడికొచ్చే మగాళ్ళందరికీ రాయే తగుల్తుంది. దుంగ తగిలిందని ఒప్పుకున్నవాణ్ని నేనింతవరకూ చూడలేదు."

"దుంగే" అన్నాడతను. ఆ మాట అతనికే సరిగ్గా వినపడలేదు.

"షాఫ్టు వంగిందా?"

"లేదన్నా. చేత్తో తిప్పి చూశాను. రెక్కలే."

మేస్త్రి వంగిన రెక్కను వేడిచేసి, కర్రసుత్తితో కొంచెం కొంచెంగా దారికి తెచ్చాడు. ఊడిన అంచుకు వెల్డింగు పెట్టి ఆకురాయితో రాశాడు. కడ్డీకి గుచ్చి తిప్పి, ఏ రెక్క బరువుకు కిందికి జారుతోందో చూసి మళ్ళీ రాశాడు. అంతసేపూ అతను స్టూలు మీద కూర్చుని తన చెప్పులే చూసుకున్నాడు.

"ఎందుకయ్యా అంత తల దించుకుంటావు? ఈ నెలలో ఇది పదకొండోది. సిగ్గుపడాల్సింది నువ్వు కాదు." మేస్త్రి చేతులు తుడుచుకుని బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. "ఏటికంతటికీ చెత్త తియ్యడానికి ఒకే ఒక్క పడవ పెట్టారు. దాని డ్రైవరు మహానుభావుడు ఎండెక్కితే గాని కట్టు విప్పడట. వాణ్ని తీసెయ్యమని ఆఫీసుకు రాశాం. నలభై మంది పెట్టారు. నువ్వూ ఓ సంతకం గీకు."

అతను కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. కలం పుచ్చుకుని, కాసేపటికి బల్ల మీద పెట్టేశాడు.

"నా వల్ల కాదన్నా. నడిపింది నేను, తప్పు నాది. ఉద్యోగం తీసెయ్యమని నా చేత్తో నేను రాయలేను."

"విన్నావా?" అంది మేస్త్రి భార్య మొగుడితో. "ఇంత నష్టపోయి కూడా ఒకడి పొట్ట కొట్టనంటున్నాడు. నలభై మందిలో ఒక్కడికైనా ఈ బుద్ధి పుట్టిందా? నీకు పుట్టిందా?"

ఆవిడే టీ తెచ్చి చేతికిచ్చింది. ప్రొపెల్లర్ని ఆవిడే దుప్పట్లో పొందికగా చుట్టింది. ఆవిడ పొగుడుతున్న కొద్దీ అతను స్టూలు మీద కుంచించుకుపోయాడు. నేల చీలితే టీ గ్లాసుతో సహా దూరిపోయేవాడు.

మేస్త్రి కాగితం మడిచి మళ్ళీ సొరుగులో పడేశాడు.

"సరే తమ్ముడూ. నీ మొహం చూసి ఒక్క నెల ఆగుతా. వాడికి బుద్ధొస్తుందేమో చూద్దాం."

అతను రెండు చేతులూ జోడించాడు. మూట ఎత్తుకుని బస్సు కోసం నడిచాడు.

మర్నాడు ఇంకా సరిగ్గా తెల్లారకుండానే అతను ప్రొపెల్లర్ బిగించి, కట్టు విప్పి, ఏటికంతటికీ ఉన్న ఆ ఒక్క చెత్త పడవను మలుపు దగ్గర తేలుతున్న దుంగ వైపు నడిపాడు.