దిక్కులేని తల్లి

కింది కోర్టు వేసిన పదేళ్ల జైలుశిక్ష మీద కొడుకు చేసుకున్న అప్పీలు ఆ రోజు హైకోర్టులో వాదనకొచ్చింది. మాణిక్యమ్మ వెనక బెంచీ మీద కూర్చుని వింటోంది.

కత్తితో నరికిన సంగతిని వకీలు కాదనలేదు. శిక్ష తగ్గించమని మాత్రమే అడిగాడు. “ఈ ముసలి తల్లికి అతనొక్కడే ఆధారం. చూసుకునేవాళ్లు ఇంకెవరూ లేరు.”

జడ్జి కళ్లద్దాలు తీసి ఆమె వైపు చూశాడు. “నిజమేనా అమ్మా?”

మాణిక్యమ్మ లేచి నిలబడింది. చేతులు జోడించి తల ఊపింది.

నేరం చేశాడన్న తీర్పు అలాగే నిలిచింది. శిక్ష మాత్రం ఐదేళ్లకు తగ్గింది. ఆ ఐదేళ్లూ అప్పటికే జైల్లో గడిచిపోయాయి కనుక ఇక విడుదలే.

“పెద్దమ్మా, నీ దండమే పనిజేసింది,” అన్నాడు వకీలు బయటికొచ్చాక, నవ్వుతూ.

ఆమె జహనుమా బస్తీలో ఇంటి ముందు ఆటో దిగేసరికి కోడలు షారోన్ గడపలో నిలబడి ఉంది.

“ఏమైంది అత్తమ్మా? అప్పీలు కొట్టేసిన్రా?”

“లేదు బిడ్డా. ఇడిచిపెడుతున్నరు.”

షారోన్ ముఖం పాలిపోయింది. “నన్ను గిట్ల నరికినోన్ని ఏం జూసి ఇడుస్తున్నరు?”

మాణిక్యమ్మ తల దించుకుంది. “నన్ను సాకెటోళ్లు ఎవ్వరు లేరని జెప్పిన.”

షారోన్ లోపలికి వెళ్లి, కత్తి దెబ్బకు వేళ్లు పనిచేయని కుడిచేతికి కంచం ఆనించుకుని, ఎడమచేత్తో అన్నం వడ్డించి తెచ్చింది. ఈ ఐదేళ్లూ తెచ్చినట్టే.

“తిను అత్తమ్మా,” అంది, ఆమె ముఖం చూడకుండా.